ఐదు టన్నుల అబద్ధం

"దించెయ్ బాబాయ్! బరువెక్కువై క్రేను ఒరుగుతోంది!" హుగ్లీ రేవులో క్రేను కింద కంప్యూటర్ బీరువా తెరిచి, మరమ్మతులు చూసే ఆమె పైన క్రేను నడిపే మనిషికి వైర్‌లెస్‌లో అరిచింది.

"ఏటమ్మీ! ఇక్కడ నా తెర మీద ఐదు టన్నులే చూపిస్తోంది."

"అది ఉత్తుత్తి సిగ్నల్! పరీక్షకి వాడే కార్డుని ఎవరో ఇందులో గుచ్చారు. ఇరవై టన్నులెత్తినా ఐదే అంటుంది."

"అందుకేనేటి, బరువెక్కువైతే దానంతటదే ఆగాల్సిన క్రేను పొద్దున్నుంచి ఒక్కసారీ ఆగలేదు! అమ్మీ, బరువు కింద ఓడలో నా కొడుకున్నాడే!"

"పక్కకి పరుగెత్తాడులే. మెల్లగా దించు... ఇంకొంచెం... దిగింది."

"ప్రభువా! ఎవడే ఆ కార్డు గుచ్చింది? చంపేస్తాను."

ఆమె ఆ కార్డుని బయటికి లాగింది.

"ఈ బీరువా తాళాలు రెండే బాబాయ్. ఒకటి నా దగ్గరుంది."

"రెండోది?"

"మాటిమాటికీ క్రేను ఆగిపోతోందని నిన్న విసుక్కున్నవాడి దగ్గర. నీ కొడుకు దయారత్నం."