పని వేళల ఆస్పత్రి

హోటల్ గదులు శుభ్రం చేసే ఆడవాళ్ళిద్దరు ఓ గదిలో దుప్పటి మారుస్తున్నారు. పరుపు అంచు ఎత్తబోయిన చిన్నది గోడ పట్టుకుని నిలబడిపోయింది. పెద్దావిడకు విషయం అర్థమైంది.

"ఎన్నో నెల?"

"మూడోదనుకుంటా అక్కా. ఎవరికీ చెప్పకు."

"నేనెందుకు చెప్తాను? డాక్టరుకి చూపించుకున్నావా?"

"ఎప్పుడు చూపించుకోను? మనం పని దిగేసరికి ఆస్పత్రిలో చీటీలివ్వడం ఆపేస్తారు. సెలవెందుకో చెప్తే, మేనేజరు రేపట్నించి రావద్దంటాడు."

"మీ ఆయనేమంటాడు?"

"కడుపు కనబడేదాకా నెట్టుకురమ్మంటాడు."

"ఆయనదేం పోయింది, నెట్టుకొచ్చేది నువ్వు కదా."

చిన్నది నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు.

"పోయినసారీ అలాగే నెట్టుకొచ్చా. తీరా వెళ్తే బిడ్డ గుండె కొట్టుకోవట్లేదన్నారు. ముందే వచ్చుంటే బీపీ సంగతి తెలిసేదన్నారు."

పెద్దావిడ చేతిలో దిండు గలీబు అలాగే ఉండిపోయింది.

"ముందే వెళ్ళుంటే బతికేదా అక్కా?"

బతికేదంటే పిల్ల కుమిలిపోతుంది. బతికేది కాదంటే ఈసారీ వెళ్ళదు. పెద్దావిడ గలీబు మంచం మీద పెట్టింది.

"అది నాకు తెలీదమ్మా. ఈ బిడ్డ ఎలా ఉందో మాత్రం ఇవాళే తెలుసుకోవచ్చు. వెనక మెట్ల మీంచి దిగి వెళ్ళు. నీ గదులు నేను చూసుకుంటాను."

"మేనేజరడిగితే?"

"బాత్రూములు కడుగుతోందంటాను. ఆ వాసనకి తొంగి కూడా చూడడు."

చిన్నది తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"భయమేస్తోందక్కా."

"నాకూ వేస్తోంది. వెళ్ళు."