కంచె వెంట పొదలు

కెనడాలోని కామ్లూప్స్ ఊరి బయట, బూడిద రంగు సేజ్‌బ్రష్ పొదలు నిండిన కొండవాలులో రెండే తెలుగు ఇళ్ళు. కంచెకు అటు ట్రాక్టరు మీద ఆయన, ఇటు పళ్ళెం పట్టుకుని ఆవిడ.

"అన్నయ్యగారూ, కంచె వెంట మిగిలిన ఈ పొదలైనా ఉంచండి."

"నా పొలం, చెల్లెమ్మా. ఇవి పీకేసి గోంగూర వేస్తా."

"పోయినేడాదీ అదే అన్నారు. గోంగూర రాలేదు గానీ మీ పొలం మాత్రం రోజూ మా ఇంటికొస్తోంది."

"గాలికి నేనేం చేస్తాను?"

"ఇన్నాళ్ళూ మట్టిని పట్టి ఉంచింది ఈ పొదల వేళ్ళే."

"మా గుంటూరులో ఎంత మెత్తగా దున్నితే అంత పంట. నాకు నేర్పుతున్నారా?"

"అది నల్లరేగడి, తడిస్తే జిగురు. ఇది ఇసుక పాలు ఎక్కువున్న నేల. తడిపి ఉండ చేస్తే వేలు తగలగానే విడిపోతుంది. పొద్దున పోసిన నీళ్ళు సాయంత్రానికి కనపడవు."

"ఏ కాలేజీలో చదివారో!"

"వడియాల్లో చదివాను. మా పెరటి వైపు చెక్క డెక్ మీద ఎండబెట్టినవే. వేయించి తెచ్చా, తినండి."

"ఇప్పుడెందుకు?"

"పొరుగువారికి పెట్టకుండా ఎలా తింటాం?"

ఆయన ఒకటి నోట్లో వేసుకున్నాడు. పళ్ళ కింద కరకరలాడింది.

"ఛీ, ఇసుక!"

"మీదే. తిరిగిచ్చేస్తున్నా. ఇంకా డబ్బాడున్నాయి. ఈ పొదలు పీకారో, ఆదివారం తెలుగు సంఘం భోజనాల్లో వడ్డిస్తా. ఎవరి పొలమో చెప్పి మరీ."

ట్రాక్టరు ఆగింది.

"సరే, ఉంచుతా. కానీ గోంగూర వచ్చాక ఒక్క ఆకు కూడా మీకివ్వను."

"రానివ్వండి, అప్పుడు పోట్లాడుకుందాం."