మానేసిన మాత్ర

వీధి వైపు గదిలో హోమియో డాక్టరు, ఆయన భార్య. ఆఖరి పేషెంటు అప్పుడే వెళ్లాడు.

"అయినా అతను ఆ మాత్ర రేపే మానెయ్యాలా ఏమిటి? కొన్నాళ్లు ఆగమనకూడదూ?"

"ఎందుకాగాలి? నేనాగానా? ఆసుపత్రివాళ్లు రాసిచ్చిన ప్రెషరు మాత్రలు వారం మింగాను, విసుగొచ్చి మానేసి మన మందే వేసుకుంటున్నాను. ఇప్పుడు నాకేమైంది?"

"మీరు వేరు. అతను స్కూలు బస్సు నడిపే మనిషి."

"అందుకే మానమన్నాను. ఆ మాత్రకి తల తిరుగుతోందట, కాళ్లు వాస్తున్నాయట. పొద్దున్నే వచ్చి మన పొట్లాలు పట్టుకెళ్తాడు. కట్టావా?"

"ఇంకా లేదు."

"మందు పేరు చెప్పాను కదా, వినలేదా?"

"అంతా విన్నాను. ఎడమవైపు తిరిగి పడుకుంటే గుండెదడ, ఫ్యాను లేకపోతే నిద్రపట్టదు, పెళ్లాం ఎదురు చెప్తే ఒళ్లు మండుతుంది. అన్నీ కూర్చోబెట్టి అడిగారు. పెళ్లయి ఇన్నేళ్లయింది, నేనెటు తిరిగి పడుకుంటానో అడిగిన పాపాన పోలేదు."

"నీకు రోగం లేదు కదా."

"అదీ మీరే తేల్చేశారు."

"ఇప్పుడు నీ గొడవెందుకులే. చూడు, వాళ్లది రోగానికి మందు. మనది మనిషికి మందు. ఇద్దరికీ ఒకటే ప్రెషరున్నా..."

"ఇద్దరికీ మందు వేరు. తెలుసు. ఉల్లిపాయ కోస్తే ముక్కు కారుతుంది కాబట్టి, ముక్కు కారేవాడికి ఆ ఉల్లిపాయే మందు. అదీ తెలుసు. ఎంత పలచన చేస్తే అంత బలం. అందుకే కాబోలు, నాతో మాట్లాడే మాటలు కూడా అంత పలచన చేసి ఇస్తారు."

"వెటకారానికేం తక్కువ లేదు. పొట్లాల సంగతి చూడు."

"అలిసిపోయానండీ. సీసాలు కడిగి కడిగి వేళ్లు నానిపోయాయి."

"పోనీ నేనే కట్టుకుంటాను. ఆ పొడి ఇలా తే."

"వద్దు."

"ఏం?"

"ముందు కూర్చోండి. అతనికి ఫోన్ చేసి మాత్ర మానొద్దని చెప్పండి."

"ఎందుకు చెప్పాలి?"

"భయంగా ఉంది."

"ఎవరికి?"

"నాకే. బస్సు నిండా పిల్లలుంటారు."

"నీ భయానికి మందుంది. ఇవ్వనా?"

"నవ్వొస్తోందా మీకు?"

"నవ్వక ఏం చెయ్యను? 'మీరూ మానేశారా సార్' అని అడిగాడు. వాడి కళ్లముందే మిషను కట్టుకుని నా ప్రెషరు చూపించాను. నమ్మకమంటే అలా కుదరాలి. డాక్టరన్నవాడు ముందు తాను వేసుకుని చూడాలి, ఆ తర్వాతే రోగికివ్వాలి. మా వైద్యంలో మొదట్నుంచీ ఉన్న పద్ధతే అది."

"మీరు వేసుకుని చూసింది చెల్లదు."

"చెల్లకపోవడమేమిటి?"

"మీ పొట్లాలు ఎవరు కడతారు?"

"నువ్వే. ఇప్పుడదెందుకు?"

"వాటిలో ఆ మాత్ర ఉంది."

"ఏ మాత్ర?"

"మీరు చెత్తబుట్టలో పడేసిన మాత్ర. చెంచాతో నూరి మీ పొడిలో కలుపుతున్నాను. అయిపోతే మందుల షాపులో కొంటున్నాను."

"హాస్యమాడుతున్నావా?"

"నా మొహం చూసి చెప్పండి."

"ఎప్పట్నుంచి?"

"మీరు మానేసిన మర్నాటి నుంచి."

"అంటే... నా మందు..."

"మీ మందూ వేసుకున్నారు. అదీ ఇదీ కలిపి. ఏది పనిచేసిందో నాకు తెలీదు. మీకూ తెలీదు. అతను మాత్రం తెలిసిపోయిందనుకుంటూ ఇంటికెళ్లాడు."

"నన్ను మోసం చేశావు."

"చేశాను."

"నా వైద్యం మీద నమ్మకం లేనిదానివి, ఇన్నాళ్లూ నా పక్కన కూర్చుని..."

"నమ్మకం లేకేం? నా మెడమీద పులిపిరులు మీ గోళీలు వేసుకున్నాకే రాలిపోయాయి. అది వేరు. ప్రెషరెక్కి మీరు బాత్రూంలో పడ్డరోజు మిమ్మల్ని లేపలేకపోయాను. కుళాయి అలా పోతూనే ఉంది. కట్టాలని కూడా తోచలేదు. మళ్లీ అలా చూడలేననిపించింది. అంతే."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా."

"అంటే వేసుకునేవారా?"

"అనొచ్చుగా అంటున్నాను."

"వేసుకునేవారా, చెప్పండి."

"లేదు."

"మరి."

"ఎంతమంది దగ్గర చెప్పుకున్నానో తెలుసా? నన్ను చూడండి, నన్ను చూడండి అని..."

"చెప్పుకున్నారు. ఆసుపత్రి మాత్రలు మానమని చెప్పింది మాత్రం ఇతనికే. చెవులెప్పుడూ ఈ గదిలోనే పెట్టుకుని వంట చేశాను. ఇతనికి చెప్పకపోయుంటే నేనూ చెప్పేదాన్ని కాదు."

"ఎప్పటికీనా?"

"ఎప్పటికీ. రోజూ నూరుకుంటూ ఉండేదాన్ని."

"ఇప్పుడతనికేం చెప్పమంటావు?"

"ఏదో ఒకటి. మళ్లీ పుస్తకం తిరగేశాను, ఆ మాత్రతో పాటే వేసుకోవాలట అనండి. మీ మాట పోకుండా."

"పోకుండా."

"ఊఁ. అతనికి మీరంటే గురి. ఏమన్నా నమ్ముతాడు."

"అదే కదా."

"ఏమిటి?"

"ఏం లేదు. ఫోన్ ఇలా ఇవ్వు."

"నామీద కోపం అతని మీద చూపించకండి."

"ఇవ్వవే... హలో. ఆఁ, డ్రైవరుగారూ, నేనే. ఇంటికి చేరారా... రేపు ఆ మాత్ర మానొద్దు. లేదు లేదు, వేసుకోండి, రోజూ వేసుకోండి. తల తిరుగుతోందని ఆ ఆసుపత్రి డాక్టరుకే చెప్పండి, వేరేది రాస్తారు... ఎవరూ, నేనా?... లేదు బాబూ. నేను మానలేదు. మానేశాననుకున్నాను."