వెండి రంగు

చింతామణి అవతల సీనప్ప షెడ్డు. కరెంటు ఆపకుండానే తీగల పని చేసేందుకు మనిషిని పైకెత్తే బకెట్ లారీని పరీక్షించడానికి చిక్కబళ్ళాపురం నుంచి హేమావతి వచ్చింది. ఆమె మీటరు ముందు కూర్చుంది. లారీ యజమాని సీనప్పకు కూర్చునే ఓపిక లేదు.

"ఇంకొక్కసారి పెట్టి చూడమ్మా."

"తుడిచి, ఆరబెట్టి మళ్ళా చూస్తిని కదప్పా. పైన బకెట్‌కి పెట్టిన కరెంటు కింద మీటర్లో కనపడకూడదు. కనపడతాండాది."

"రవ్వంతే కదా."

"ఆ రవ్వంతే పానం తీసేది. పైన మనిషి తీగ ముట్టుకున్నాడంటే వాని ఒంట్లోంచి నేలకి దిగుతాది."

"నీకు దండం పెడతానమ్మా, బాగుండాదని రాసియ్యి. ఈ బండి కూడా ఈపొద్దు కదలకపోతే పని ఇంకొకరికి పోతాది. నా ఇల్లు మునుగుతాది."

"ఇంకో బండి యాడుండాది?"

"పరగోడులో, పనిమింద. రెండూ ఉండల్లని పని ఇచ్చినోళ్ళు పట్టు పడతాండారు."

"పోయిన నెల దాన్ని నేనే చూస్తిని, బాగుండె. ఇదేమి ఇట్ల... ఉండప్పా. బకెట్‌ని మోసే ఈ ఫైబర్ చెయ్యి ఇంత మెరుస్తాండాదేమి?"

"ఆయుధ పూజకి కొట్టినాములేమ్మా. పసుపు కుంకం పెట్టే బండి, మాసిపోయి ఉంటే బాగుంటాదా?"

"ఏం రంగు?"

"వెండి రంగు. గేట్లకి కొడతారే, అదే. మా సునీలే కొట్టినాడు. నిమ్మకాయలు కట్టి, గుమ్మడికాయ కొట్టి, ఎంత సంబరంగా చేసినాడని."

"దాంట్లో అల్యూమినియం పొడి ఉంటాదప్పా. కరెంటు దిగకూడదనే ఫైబర్ పెట్టిండేది. దాని మింద మీరు లోహం పూసినారు."

"రంగే కదమ్మా. దేవునికని..."

"దేవునికైనా అంతే."

"గీకిస్తా. ఇప్పుడే గీకిస్తా."

"గీకించు. అంతవరకు దీంట్లో ఎవురూ ఎక్కకూడదు. ఎవురికప్పా ఫోను?"

"ఎవురికీ లేదు."

"మళ్ళా మళ్ళా అదే నెంబరు ఒత్తుతాండావు కదప్పా."

"ఎవురికీ లేదంటిని కదమ్మా."

"సీనప్పా, ఆ బండికీ పూజ చేసినారా?"

"రెండిటికీ చేసేదే కదా."

"రంగు?"

"ఒగదానికి కొట్టి ఇంకోదాన్ని ఇడిసిపెడితే బాగుండదని..."

"నేను చూసిపోయినాక కొట్టినారా?"

"ఊఁ."

"దాంట్లో ఎవురుండారు?"

"సునీలు. నా కొడుకు. ఎత్తడం లేదమ్మా. బకెట్ ఎక్కేటప్పుడు ఫోను కిందనే పెట్టల్లని నువ్వే చెప్తివి."

"కిందుండే వాళ్ళకి చెయ్యి."

"బండి తోలే పిళ్ళప్ప ఫోను మోగతానే ఉండాది. వాడూ ఎత్తడు."

"సబ్‌స్టేషన్‌కి చెయ్యి. లైన్ ఆపమను. బిర్న, బిర్న."

"సార్, పరగోడు లైన్ ఆఫ్ మాడి సార్. నా కొడుకు పైనుండాడు సార్... ఆఁ... ఆఁ..."

"ఏమన్నారప్పా? ఆపినారా?"

"ఆపే పని లేదంటమ్మా. ఇప్పుడే దానంతట అదే ఆగిపోయిందంట. యాడో ఏదో తగిలినట్లుండాది, చూసొస్తామన్నారు."