ముక్కు మేస్త్రి పట్టిన వాసన

ఏంటి, చెదలమందు కొట్టేవాళ్ళని పిలిచావా? మంచి పని చేశావు తల్లీ. చెదలంటే మాత్రం నాకు ముక్కు మేస్త్రే గుర్తొస్తాడు. వడ్రంగి. అసలు పేరు ఎవరికీ తెలీదు. ఏ చెక్కనైనా వాసన చూసి ఏ చెట్టుదో చెప్పేసేవాడు, అందుకా పేరు. చెవి మీద ఎప్పుడూ పెన్సిలు... అన్నట్టు నా కళ్ళజోడు చూశావా? సర్లే, ఎక్కడికి పోతుంది. నేనప్పుడు రికార్డు రూములో గుమాస్తాని. ఊళ్ళో పుట్టినవాళ్ళూ పోయినవాళ్ళూ అందరూ నా బీరువాల్లోనే. నెల రోజులుగా ఓ మూల టర్పెంటైన్ వాసన. పక్కగదికి రంగులేస్తున్నారు కదా, అదేలే అనుకున్నా. ఒక్కసారి వంగి చూస్తే నా నడుం విరిగిపోయేదా? చూడలేదు. ఓరోజు తలుపు బిగించడానికొచ్చిన మేస్త్రి ముక్కెగరేసి, ‘గుమాస్తాగారూ, రంగులవాళ్ళు వెళ్ళి పదిరోజులైంది, ఈ వాసనెక్కడిది?’ అన్నాడు. బీరువా జరిపాం. గోడకి ఇంత లావు మట్టిగూడు! ఉలితో గీకాడో లేదో, చీమలు ఎగబడ్డాయి. అంతే, లోపల్నుంచి సూదిమూతి చెదలు బయటికొచ్చి, ఆ మూతుల్లోంచే జిగురు చిమ్మాయి. చీమలు కాళ్ళు అతుక్కుపోయి గిలగిలా కొట్టుకున్నాయి. మేస్త్రి ఆ జిగురు వేలికి రాసుకుని నా ముక్కు దగ్గర పెట్టాడు. అచ్చం టర్పెంటైనే! ‘కళ్ళు కూడా లేవు బాబూ వీటికి, ఇల్లు ఎలా కాచుకుంటున్నాయో చూడండి’ అని మెచ్చుకుంటున్నాడు మహానుభావుడు! నేనేమో బీరువాలోంచి పుస్తకాలు లాగి చూస్తున్నా. అప్పటికే రెండు రిజిస్టర్లు పొడైపోయాయి.

ఇంతలో ఆఫీసరు ఊడిపడ్డాడు. ‘ఇన్నాళ్ళూ నిద్రపోతున్నావా? రేపట్నుంచి రానక్కర్లేదు!’ అని ఒకటే కేకలు. మీ నానమ్మకి అప్పుడు నెలలు నిండాయి. మేస్త్రి ఉలి కింద పెట్టి, నింపాదిగా, ‘అయ్యా, వాసన పట్టింది ఈ బాబే. నన్ను పిలిపించిందీ ఈయనే. లేకపోతే ఈ గదిలో కాగితం ముక్క మిగిలేది కాదు’ అన్నాడు. ఆఫీసరు నా వంకోసారి చూసి, ‘ఊఁ, మిగతావి జాగ్రత్త’ అని వెళ్ళిపోయాడు. ‘అదేంటి మేస్త్రీ, పట్టింది మీ ముక్కు కదా!’ అంటే, ‘నా ముక్కుకి జీతం ఎవడిస్తాడు బాబూ, మీ దగ్గరే ఉండనీండి’ అని నవ్వేశాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ కుర్చీలోనే కూర్చున్నానమ్మా. మీ నాన్న చదువు, మనం తిన్న తిండి, అంతా ఆయన ఆడిన ఆ ఒక్క అబద్ధం చలవే. ఆయన పోయినరోజు పాడె మోసినవాళ్ళలో నేనూ ఉన్నా. దించమంటే నాకు భుజం మీంచి దించబుద్ధి కాలేదు...

ఆ కిటికీ వెయ్యి తల్లీ, గాలి కొడుతోంది.