ఆపేటప్పుడు ముందు ఇది

హలో… ఆ, నేనే.

…

గుర్తుపట్టాను. పేరు చెప్పక్కర్లేదు. నువ్వు "హలో" అనగానే ఒక్క క్షణం మీ అన్నయ్యే అనుకున్నాను. ఫోన్లో మీ అన్నదమ్ములిద్దరి గొంతూ ఒకటే కదా… చెప్పు.

…బాగానే ఉన్నాను.

…తింటున్నాను. నిద్రా పోతున్నాను. బడికీ వెళ్తున్నాను. ఇప్పుడే వచ్చాను, ఇంకా చెప్పులు కూడా విప్పలేదు.

…రెండు నెల్లా పదకొండు రోజులు. "ఈ మధ్యే పోయాడని తెలిసింది" అంటున్నావు గనక చెబుతున్నాను. ఎవరు చెప్పారు? …ఓహో, రిపేరు షాపతనా. మరి నేను ఆస్పత్రి నుంచి రెండుసార్లు చేశానే… మోగింది. మొదటిసారి మోగి మోగి ఆగింది. రెండోసారి మధ్యలో కట్ చేశారు… సరే. తెలియని నంబర్లు ఎత్తవు. మంచి అలవాటే.

…కోపం కాదు చిన్నా. పిల్లల నోటుపుస్తకం చూసినట్టు చూస్తున్నాను. ఎక్కడ తప్పుంటే అక్కడ గీత పెడతాను, అంతే.

…

ఊఁ.

…

ఊఁ, వింటున్నాను… అంత నసగక్కర్లేదు. ప్రీఆంప్ కోసం చేశావు… అనుకున్నాను. "ఇల్లంతా ఎలా ఉంది వదినా" అన్నప్పుడే అనుకున్నాను. ఇల్లంటే నీకెప్పుడూ ఆ హాల్లో అలమర ఒక్కటే.

…నాలుగు ప్రీఆంపులు మార్చావా! తొమ్మిదేళ్లలో నాలుగా? …నాబ్ గింజంత తిప్పగానే అరుస్తోందా… దానికి తోడు బుసా. "పాటకి ముందు పాము వచ్చినట్టు" – నీ పాత మాటే. ఇంకా వాడుతున్నావన్నమాట.

…అవును, మరి. ఏది పడితే అది తగిలిస్తే ఎలా పలుకుతుంది? మీ ఇద్దరూ పెళ్లిళ్లు కాకముందు వెనకగదిలో కూర్చుని, ఒకదానికొకటి కొలుచుకుంటూ కట్టినవి కదా అవి. నాకు ఆ లెక్కలు తెలీవు. పెళ్లయిన కొత్తలో ఐదో తరగతికి చెప్పినట్టు చెప్పారు నాకు. రికార్డు మీంచి వచ్చే పీలగొంతుని సరిచేసి అందించేది అన్నయ్య కట్టిన ప్రీఆంప్. అందుకుని గది నిండా మోసేది తమ్ముడు కట్టిన పవర్ ఆంప్. ఇచ్చేదానికి ఎంతివ్వాలో తెలియాలి, పుచ్చుకునేదానికి ఎంత పుచ్చుకోవాలో తెలియాలి… అంతేగా? …హమ్మయ్య, పాసయ్యాను.

…నవ్వలేదు. నవ్వినట్టు వినబడిందా?

…ఇక్కడేం సుఖపడ్డాంలే. నువ్వు నీది పట్టుకెళ్లాక నెల్లాళ్లు ఇంట్లో పాటే లేదు. తర్వాత ఏదో షాపులో రెడీమేడ్ పవర్ ఆంప్ కొనుక్కొచ్చారు. నల్లది, బరువు, చూడ్డానికి ఇనప్పెట్టెలా ఉంటుంది. తగిలించారు. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుంది… ఆ, అదే. మీరు బేస్ అంటారే, అది ఆనవాలుకైనా లేదు. మృదంగం వాయిస్తుంటే ఎవరో బల్ల మీద వేళ్లతో కొడుతున్నట్టు వినిపించేది. నాకే తెలిసిపోయిందంటే చూసుకో.

…కెపాసిటరా? …ఆ, అదే చెప్పారు. ప్రీఆంప్ చివర ఉన్నది చిన్నదట. నీ ఆంప్‌కైతే అది చాలట, ఈ నల్లదానికి పెద్దది కావాలట… ఐదు నిమిషాల పనా? …అంతేనా. నాకు చాలా పెద్ద పనని చెప్పేవారే.

…కొనక ఏం? పెద్దది కొన్నారు. ఆ వారమే కొన్నారు. సోల్డరింగ్ సరంజామా ఉన్న సొరుగులో, చిన్న కవర్లో ఉంది. మొన్న పెన్సిల్ కోసం సొరుగు తీస్తే దొరికింది. కవరు మీద రాసి ఉంది… ఆయన చేతిరాతే. "ఇప్పుడే వద్దు" అని.

…అంతే రాసుంది. "ఇప్పుడే వద్దు."

…

హలో? ఉన్నావా?

…నన్నడిగితే? అది మారిస్తే ఆ ప్రీఆంప్ ఇంక నల్లదాని జత అయిపోతుంది కదా. నీది వస్తుందని అట్టే పెట్టారు. తొమ్మిదేళ్లు ఆ గులకరాళ్లు విన్నారు. నాకూ వినిపించారు. "మార్చండీ" అంటే "చూద్దాంలే" అనేవారు.

…ఆయన రాలేదు సరే, నువ్వు రావచ్చుగా.

…

ఆ రోజు సంగతి ఎత్తకు.

…ఎత్తావు. సరే, కానీ. …అన్నారు. మీ అత్తగారివాళ్లందరి ముందే అన్నారు. "ఆపడం చేతకానివాడికి ఆంప్ ఎందుకురా" అన్నారు. పూస గుచ్చినట్టు నువ్వు నాకు చెప్పాలా? ట్రేలో కప్పులు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నానుగా.

…ఢమ్మంది. ఎడమవైపు స్పీకరు. మీ నాన్నగారు కొన్నది. లోపలి కాగితం నిలువునా చిరిగింది.

…ఔను. నువ్వు అలమర దగ్గర వంగి, అంతకుముందు విన్న రికార్డు కవర్లో దూరుస్తున్నావు. ఆయన వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చారు. అలమర దగ్గర నువ్వే కనబడ్డావు. "నేను కాదన్నయ్యా" అన్నావు. ఒక్కసారే అన్నావు.

…

తర్వాత నా వంక చూశావు.

…

అదీ ఒక్కసారే.

…

ఆగు. నువ్వు చెప్పొద్దు. నేను చెబుతాను. నీ నోటంట వస్తుందేమోనని తొమ్మిదేళ్లు భయపడ్డాను, రాలేదు. నన్నే చెప్పనీ.

…నేనే నొక్కాను. మీ అత్తగారు నన్నేదో అడుగుతున్నారు, పాట హోరులో వినబడలేదు. ట్రే ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతికి దగ్గరగా ఏ మీట ఉంటే అది నొక్కాను. ప్రీఆంప్‌ది. పవర్ ఆంప్ ఇంకా నడుస్తూనే ఉంది. "ముందు పవర్ ఆంప్ ఆపాలి, అది పూర్తిగా చల్లారాక ప్రీఆంప్. లేకపోతే ఆగిపోయేది కొట్టే దెబ్బంతా స్పీకరు మీద పడుతుంది" – వందసార్లు చెప్పారు నాకు. చదువు చెప్పేదాన్ని, ఒక్క వరుస గుర్తుపెట్టుకోలేకపోయాను.

…నేనే అని ఒప్పుకుంటే ఏమయ్యేది? నాలుగు తిట్లు తిట్టేవారు. రెండ్రోజులు ముఖం ముడుచుకునేవారు. అంతకంటే ఏం లేదు. తెలుసు. అయినా తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

…రేపు చెబుదామనుకున్నాను. నువ్వేమో ఆ సాయంత్రమే నీ ఆంప్ దుప్పట్లో చుట్టి కార్లో పెట్టుకుని వెళ్లిపోయావు. తర్వాత ఆలస్యమైంది. ఆలస్యమైన కొద్దీ నోరు ఇంకా బరువెక్కింది. నేను రోజూ క్లాసులో ఏమంటానో తెలుసా? "ఎవరు చేశారో వాళ్లంతట వాళ్లే లేచి నిలబడండి, ఏమీ అనను" అంటాను. లేస్తారు. పదేళ్ల పిల్లలు, పాపం, లేస్తారు.

…

నీకు తెలుసని నాకు తెలుసు చిన్నా. నువ్వెందుకు చెప్పలేదు? …నా కాపురమా! స్పీకరు కాగితం చిరిగితే ఎవరి కాపురాలు కూలతాయి?

…

…నిజమే. నీకు అన్న లేకుండా పోయాడు. ఆ మాట అనే హక్కు నీకుంది. అను.

…చెప్పాను. ఆయనకీ చెప్పాను. ఆస్పత్రిలో, చివరి వారం. గొంతులో గొట్టం ఉంది, కళ్లు మూసి ఉన్నాయి. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. విన్నారో లేదో తెలీదు. వేలు కదిలినట్టనిపించి నర్సుని పిలిచాను. "అది మామూలేనమ్మా, దానికేం అర్థం లేదు" అంది.

…అందుకే నీకు ఫోన్ చేశాను. నువ్వొచ్చి ఆ మంచం పక్కన నిలబడితే, ఇద్దరి ఎదుటా ఒక్కసారే చెప్పేద్దామని. నా స్వార్థమే అనుకో.

…

ఏడవకు. నేను ఏడవట్లేదుగా.

…ఇస్తాను. ప్రీఆంప్ ఇస్తాను, నాకెందుకది? కానీ నువ్వే వచ్చి పట్టుకెళ్లు… ఒక్క గంట. కాఫీ కూడా ఇవ్వను, భయపడకు. నీ ఆంప్ తెచ్చి, ఆ అలమరలో పెట్టి, రెండూ కలిపి ఒక్క పాట. తర్వాత రెండూ నువ్వే పట్టుకెళ్లు. స్పీకర్లు కూడా పట్టుకెళ్లు. ఎడమదానికి అతుకు వేయించారు, వినబడదు.

…

…

గడప తొక్కనని ఎవరి మీద ఒట్టేసుకున్నావు? ఆయన లేరుగా ఇంక.

…సరే. …సరే అంటున్నానుగా. శనివారం డ్రైవర్ని పంపు. బడి ఒంటిపూటే, మధ్యాహ్నం ఇంట్లో ఉంటాను. తువ్వాలు చుట్టి ఇస్తాను. ఆ గాజు వాల్వులు విడిగా తీసి దూదిలో పెట్టాలి కదా? …నాకు తెలుసులే. ఇన్నేళ్లు ఎవరితో ఉన్నాననుకున్నావు.

…ఇంకొకటుంది. ఫోన్ పెట్టేయకు. అది నడుస్తోంది.

…అదే, ప్రీఆంప్. రెండూ. ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లిన పొద్దుట్నుంచీ. పాట వింటున్నారు, నొప్పొచ్చింది. "సూది ఎత్తెయ్, మిగతాది నేనొచ్చి ఆపుతాను" అన్నారు. సూది ఎత్తాను. అంతే. పంతొమ్మిది రోజులు ఆస్పత్రి, ఆ పైన ఈ రెండు నెల్లా పదకొండు రోజులు.

…నాకు చేయి ఆడదు. ఆ రోజు తర్వాత ఆ మీటలు ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. వేసేదీ ఆయనే, ఆపేదీ ఆయనే. కనీసం కరెంటు పోతే దానంతటదే ఆగిపోతుంది కదా అని చూశాను. పోయినప్పుడల్లా ఇన్వర్టర్ అందుకుంది. ఆ దీపం ఎర్రగా చూస్తూ ఉంటుంది, నేను పక్కన కూర్చుని పేపర్లు దిద్దుకుంటాను. ఆ మూల వెచ్చగా ఉంటుంది.

…వద్దు, డ్రైవరొద్దు. వాడికేం తెలుసు వరుస? నేనే ఆపుతాను. నువ్వు లైన్లో ఉండు, అంతే. చెబుతూ ఉండు… ఆగు, ఫోన్ స్పీకర్లో పెట్టి ఇక్కడ అలమర మీద పెడుతున్నా. …వినబడుతోందా? …ఆ, నాకూ.

ఏది ముందో నువ్వు చెప్పక్కర్లేదులే. రాసే ఉంది. చీటీలు అంటించారు. నల్లదాని మీద "ఒకటి. ఆపేటప్పుడు ముందు ఇది." ప్రీఆంప్ మీద "రెండు. పది లెక్కపెట్టాక."

…ఆయనే రాశారు. గుండ్రటి అక్షరాలు, బోర్డు మీద రాసినట్టు.

…నల్లది కొన్నాక. మొదటి రోజే అంటించారు.

…ఎవరి కోసమంటే… నువ్వు వెళ్లిపోయావు. ఆయనకి చీటీ అక్కర్లేదు. మరి ఇంట్లో ఇంకెవరున్నారు?

…

ఔను. నేనూ అదే అనుకుంటున్నాను. మొదటి రోజు నుంచీ తెలుసేమో.

…

తెలిసీ నిన్ను ఎందుకు పిలవలేదో నన్నడిగితే ఏం చెప్పను? మీ ఇంటి మగాళ్ల నోళ్లు నాకంటే నీకే తెలియాలి. నలుగురి ముందు అన్న మాట, వెనక్కి తీసుకోవాలంటే మళ్లీ నలుగుర్ని పిలవాలనుకున్నారేమో. నన్ను కాపాడాననుకున్నారేమో… నన్నైతే ఒక్కసారి కూడా అడగలేదు. చీటీ అంటించి ఊరుకున్నారు.

…చిన్నా.

…చిన్నా, ఉన్నావా? మాట్లాడకపోయినా పర్లేదు. ఉండు.

నొక్కుతున్నాను. ఒకటో నంబరుది… 

ఆగింది. చప్పుడేం రాలేదు. విన్నావుగా? ఏ చప్పుడూ లేదు.

ఇప్పుడు పది. నువ్వూ లెక్కపెట్టు నాతో. …ఒకటి… రెండు… ఊఁ, గట్టిగా అను, నీ గొంతు వినబడనీ… మూడు… నాలుగు… అచ్చం ఆయన అన్నట్టే ఉంది… ఐదు… ఆరు… ఏడు…

హలో?

…

హలో? చిన్నా? పెట్టేశావా?

…

ఎనిమిది. తొమ్మిది. పది.