సంతకానికి ముందు భోజనం

1991 జూన్ 17, సోమవారం. మా తొలకరి పండుగ రజ సెలవులు ముగిసిన మర్నాడు శ్రీమతి ఇందుప్రభా సామల్ గారు మా జిల్లా సహాయ సామగ్రి విభాగంలో సహాయకురాలిగా చేరారు. ఇంట్లో మిగిలిన పోడో పిఠా అనే కాల్చిన బియ్యప్పిండి రొట్టెను ముక్కలు కోసి తెచ్చి, ఎవరి హోదా ఏమిటో తెలియకుండానే అందరికీ సమానంగా పంచి, అంచు మాడిన ముక్కను తాను తిన్నారు.

అచిరకాలంలోనే అందరికీ ‘అపా’ అయ్యారు, అంటే అక్కగారు. ఏ శ్రద్ధాసక్తులు ఆమెకు పదోన్నతులు తెచ్చాయో, కొనుగోళ్ల అధికారిణి అయ్యాక అవే కొందరికి కంటగింపయ్యాయి.

బ్రాహ్మణి నది గట్టు తెగిన ఏడాది జనం మట్టి కట్టల మీద గుడిసెలు వేసుకున్నారు. వాటిపై కప్పే పాలిథిన్ పట్టాల కాంట్రాక్టు మంత్రిగారి బంధువు ఖుంటియాబాబుకు దక్కింది. టెండరుతో ఇచ్చిన నమూనా గట్టిది. లారీల్లో వచ్చిన సరుకు వేరు. బాగుందని ఇందుప్రభ గారు సంతకం చేయకపోతే కొండ జిల్లాకు బదిలీ తప్పదని ముందే కబురందింది. ఆ ఏడాదే ఆమె కూతురికి మెట్రిక్ పరీక్షలు.

ఆమె వాదించలేదు. లారీ మధ్యలోంచి ఒక పట్టా తీయించి, కార్యాలయ ప్రాంగణంలో వెదురు కర్రలకు కట్టించి, కింద చాపలు పరిపించారు. వాన జోరుగా ఉంది. నీళ్లలో నానబెట్టిన పఖాళ అన్నం, వేయించిన వడియాలు వడ్డించి ఖుంటియాబాబును పిలిచారు.

“సంతకానికి ఇంత తతంగమేంటి అపా? మంత్రిగారు ఫోన్ దగ్గరే కూర్చున్నారు.”

“కూర్చోనీ బాబూ. నువ్వూ కూర్చో. తిన్నాక పెడతా.”

నాలుగు ముద్దలు తినేలోగా అతని నెత్తిన కారడం మొదలైంది.

“గాలికి జల్లు కొడుతోంది, అంతే,” అన్నాడు తల తుడుచుకుంటూ.

“అయితే ఇటు జరుగు.”

అక్కడా కారింది. కంచం పట్టుకుని ఇంకో మూలకు వెళ్లాడు. మా అటెండర్ మాయాధర్ ఉండబట్టలేక, “పఖాళలో నీళ్లు చాలకపోతే నన్నడగాలి గానీ బాబూ, ఆకాశాన్నడుగుతారేంటి!” అన్నాడు. గుమస్తాలంతా గొల్లుమన్నారు.

ఖుంటియాబాబు ముఖం ఎర్రబడింది. “కూతురి చదువైనా చూసుకోండి అపా. ఆ కొండల్లో మంచి బడి కూడా దొరకదు.”

“నీకు జరగడానికి మూలలున్నాయి బాబూ. కట్ట మీద వాళ్లు ఎటు జరుగుతారు?”

ఆ తడిలోనే ఆమె అన్నం పూర్తిగా తిని, చేయి కడుక్కుని, సరుకు తిప్పి పంపుతున్నట్టు రాసి సంతకం చేశారు. నేను ఎదుటే కూర్చుని ఉన్నాను. ధైర్యం అంత నెమ్మదిగా ఉంటుందని నేనెన్నడూ ఊహించలేదు.

బదిలీ ఉత్తర్వు వెంటనే వచ్చింది. ఆ భోజనం కథ ఊరంతా పాకడంతో మంచి పట్టాలు కూడా రాక తప్పలేదు. పరీక్షలయ్యేదాకా ఆమె కూతురు మా ఇంట్లో ఉంది. పిల్లలు లేని నా భార్య రోజూ ఆ అమ్మాయికి జడ వేసేది. దివంగతురాలైన నా భార్యను తలచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేవి ఆ ఉదయాలే.

కొండ జిల్లాలోనూ, తిరిగి ఇక్కడా అదే నిష్ఠతో సేవలందించి నేడు పదవీ విరమణ చేస్తున్న ఇందుప్రభ గారు సంపూర్ణ ఆరోగ్యంతో, కుటుంబం నడుమ నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను. ఆమె చూడలేకపోయిన ఒక దృశ్యాన్ని నా కానుకగా ఇక్కడ ఉంచుతున్నాను.

ఆమె వెళ్లిపోయాక, కొత్త పట్టాలు పంచడానికి నేను కట్ట మీదకు వెళ్లాను. చీకటిపడుతుండగా వాన మళ్లీ అందుకుంది. ఒక గుడిసెలో ఒకాయన కప్పు కింద అరచేయి చాచి చాలాసేపు నిలబడ్డాడు. చేయి తడవలేదు. నిద్రపోతున్న పిల్లలు లేవకుండా, తడికను మెల్లగా దగ్గరకు వేసుకున్నాడు.